మూడు కాళ్ల సింగడు, గోనె సంచుల దారి: ఇంట్లో కోలుకున్న ఒక నాటు కుక్క కేసు

ఫిబ్రవరి చివర్లో ఒక సాయంత్రం అల్లూరు వైపు పల్లె నుంచి ఒక కుటుంబం తమ కుక్కను ఆటోలో కావలిలోని నా క్లినిక్కుకు తీసుకువచ్చింది. ఆటోలోంచి దింపకముందే వాసన తెలిసింది. గోధుమ రంగు నాటు కుక్క, మగది, వయసు సుమారు నాలుగేళ్లు, బరువు 19 కిలోలు, పేరు సింగడు. రొయ్యల గుంటల గట్టు మీద రాత్రి కాపలా వాడిదే. ఎడమ వెనక కాలికి వెదురు బద్దలు పెట్టి, పాత పంచె చింపి బిగించిన కట్టు ఉంది. ఎనిమిది రోజుల క్రితం మోటారు సైకిలు గుద్ది మోకాలి కింది ఎముక విరిగితే, ఆ ఇంటి అవ్వ తన చేత్తో కట్టిన కట్టు అది. ఆమె చిన్నతనంలో వాళ్ల నాయన మేకలకు అలాగే కట్టేవారట. ఆ మేకలు మళ్లీ నడిచాయి కూడా.

కట్టు విప్పాను. మడమ కీలు దగ్గర నుంచి కిందికంతా చల్లగా ఉంది. చర్మం నేరేడు పండు రంగుకు తిరిగి, వేళ్ల మధ్య ఊడివస్తోంది. వేలి ఎముక మీద ఫోర్సెప్స్‌తో గట్టిగా నొక్కినా సింగడు తల తిప్పి చూడలేదు. లోపలి నొప్పి కూడా తెలియని కాలు ఇక నిలవదు. ఎముక విరగడం వల్ల పోయిన కాలు కాదది. కట్టు కింద వాపు పెరిగి, రక్తం అందక చచ్చిపోయింది. జ్వరం 104.2 డిగ్రీల ఫారెన్‌హీట్. చిగుళ్లు పాలిపోయి ఉన్నాయి. చెవుల్లో, వేళ్ల సందుల్లో పిడుదులు.

అవ్వ బల్ల పక్కనే నిలబడి అంతా చూసింది. "నా చేత్తోనే తీశానా డాక్టరమ్మా వాడి కాలు?" అని అడిగింది. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "కట్టు బిగువైంది అవ్వా, అది నిజం. వాడిని రోడ్డు మీద వదిలేయకుండా ఇంటికి తెచ్చింది కూడా మీ చేతులే. ఇక ముందు వాడికి ఆ చేతులతోనే పని" అన్నాను. తర్వాతి మూడు నెలలూ జరిగింది అదే.

కుక్క కాలికి ఎవరు కట్టు కట్టినా, డాక్టరే కట్టినా సరే, మధ్య రెండు వేళ్ల కొనలు బయటికి కనిపించేలా వదలాలి. రోజుకు రెండుసార్లు వాటిని ముట్టుకుని చూడాలి. ఆ రెండు గోళ్లూ మామూలుగా పక్కపక్కన ఉంటాయి. వాటి మధ్య ఎడం పెరిగిందంటే వేళ్లు వాస్తున్నాయని అర్థం. వేళ్లు చల్లబడినా, కట్టు తడిసినా, వాసన వచ్చినా, కుక్క ఉన్నట్టుండి కట్టును కొరకడం మొదలుపెట్టినా ఆ పూటే విప్పించాలి, తెల్లవారేదాకా ఆగకూడదు. సింగడు మూడో రోజు నుంచే కట్టును కొరికాడట. అల్లరి చేస్తున్నాడనుకుని మూతికి తాడు కట్టారు.

ఇంటివారి అనుమతితోనే ఇదంతా రాస్తున్నాను. కాలు ఎలా తీయాలో మాకు కళాశాలలో నేర్పారు. కాలు తీసిన కుక్కను ఇంటికి పంపేటప్పుడు యజమాని చేతిలో పెట్టడానికి మాత్రం నా దగ్గర తెలుగులో ఒక కాగితం ముక్క కూడా లేదు. సింగడి కేసు ఆ లోటును నాకు గట్టిగా గుర్తుచేసింది.

ఆపరేషన్‌కు ముందు

రేబిస్ టీకా కార్డు చూశాకే వాడి నోటి దగ్గర చేయి పెట్టాను. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 9.8 గ్రాములు వచ్చింది. కుక్కల్లో మామూలుగా 12 నుంచి 18 ఉండాలి. రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు 1.1 లక్షలు, అంటే ఉండవలసిన దానిలో దాదాపు సగం. పిడుదుల వల్ల వచ్చే ఎర్లికియా జ్వరం మన కోస్తాలో అంత ఎక్కువ కాబట్టి, పిడుదులు పట్టిన కుక్కకు ప్లేట్‌లెట్లు లెక్కించకుండా కత్తి పట్టకూడదన్నది నా నియమం. ఆ జ్వరానికి డాక్సీసైక్లిన్ మొదలుపెట్టి, ఒక రోజు సెలైను, యాంటీబయాటిక్, నొప్పి ఇంజెక్షన్లు ఇచ్చాం. కుళ్లుతున్న కాలును అంతకన్నా ఎక్కువసేపు ఒంటి మీద ఉంచితే విషం రక్తంలోకి ఎక్కుతుంది.

మిగతా మూడు కాళ్లనూ, తుంటి కీళ్లనూ ఎక్స్‌రే తీసి చూశాం. ఇది చాలామంది దాటవేసే పని. రేపటి నుంచి బరువంతా వాటి మీదే కదా, వాటిలో లోపం ఉంటే ముందే తెలియాలి. సింగడికి ఏ లోపమూ లేదు.

అవ్వ కొడుకు ఒక ప్రశ్న అడిగాడు, చాలామంది అడిగేదే. "మోకాలి దాకా ఉంచండి మేడమ్, మనుషులకు జైపూర్ కాలు పెట్టినట్టు వాడికీ ఏదైనా పెట్టిద్దాం." మనిషికైతే మొండి, అంటే కోశాక మిగిలే కాలి ముక్క, ఎంత పొడుగ్గా ఉంటే అంత మేలు. కుక్క సంగతి వేరు. మొండి మిగిలితే దాన్ని కాలే అనుకుని నేలకు కొడుతూ ఉంటుంది. పంజాకు ఉన్న మెత్త దానికి ఉండదు, తోలు చిట్లి పుండవుతుంది, ఆ పుండు మానదు. అందుకే వెనక కాలైతే తొడ ఎముక పైభాగంలోగానీ తుంటి కీలు దగ్గరగానీ తీస్తాం. ముందు కాలైతే చాలాసార్లు భుజం ఎముకతో సహా తీసేస్తాం.

కుక్క నిలబడినప్పుడు ఒంటి బరువులో సుమారు 60 శాతం ముందు కాళ్లు మోస్తాయి, 40 శాతం వెనక కాళ్లు. వెనక కాలు పోయిన కుక్క త్వరగా సర్దుకుంటుంది. ముందు కాలు పోయిన కుక్క కూడా నడుస్తుంది, కాకపోతే తల ఊపుతూ, ఎగిరెగిరి నడుస్తుంది, త్వరగా అలసిపోతుంది, దానికి తువ్వాలు ఆసరా చాలదు, ఛాతీకి తొడిగే పట్టీ కావాలి. సింగడిది వెనక కాలు. ఆ చెడులో అదొక మంచి.

మత్తు, కోత వివరాలు ఇక్కడ అవసరం లేదు. పెద్ద నరాన్ని కోసేముందు దానిలోకి బుపివకేయిన్ ఎక్కించాను, తర్వాత నొప్పి తగ్గుతుందని. గంటన్నరలో పని ముగిసింది. ఒక రాత్రి క్లినిక్కులో ఉంచి, మరునాటి సాయంత్రం ఇంటికి పంపాను. అప్పుడు బరువు 17.6 కిలోలు.

మొదటి వారం

ఆ ఇంట్లో ఎనిమిదో తరగతి చదివే పాప ఉంది. మందుల లెక్క ఆ పాపకు అప్పగించాను. పెద్దవాళ్లు పొలం, గుంటల పనుల్లో మరిచిపోతారు. రూళ్ల నోటుబుక్కులో గళ్లు గీయించాను: సమయం, మాత్ర, నీళ్లు, తిండి, ఒంటికి, రెంటికి, నిద్రలో నిమిషానికి ఎన్ని శ్వాసలు. ఆ పుస్తకం ఇప్పుడు నా ముందే ఉంది.

మందులు నాలుగు. నరాల నొప్పికి గాబాపెంటిన్ 100 మిల్లీగ్రాముల గొట్టాలు (క్యాప్సూల్స్) రెండేసి, ఉదయం 6, మధ్యాహ్నం 2, రాత్రి 10 గంటలకు. నొప్పి, వాపు తగ్గడానికి కుక్కల కోసం తయారైన మెలాక్సికామ్ ద్రావణం రోజుకొకసారి, తిండి తిన్నాక మాత్రమే, అయిదు రోజులు. యాంటీబయాటిక్ అమాక్సిసిలిన్-క్లావులనేట్ 375 రెండు పూటలా పది రోజులు. పిడుదు జ్వరానికి డాక్సీసైక్లిన్ 100 రెండు పూటలా 28 రోజులు. ఈ చివరిదాన్ని పెరుగన్నంలో పెట్టి ఇస్తుంటే మాన్పించాను. పాలు, పెరుగుతో కలిస్తే అది ఒంటికి సరిగా పట్టదు. ఖాళీ కడుపున ఇస్తే వాంతి అవుతుంది. కోడికూర ఉడికించిన నీళ్లతో కలిపిన అన్నం ముద్దలో ఇవ్వమన్నాను.

మెలాక్సికామ్ పేరుతోనే మందుల షాపులో మనుషుల మాత్రలు దొరుకుతాయి, 7.5, 15 మిల్లీగ్రాములవి. సింగడికి రోజుకు కావలసింది రెండు మిల్లీగ్రాములకు లోపే. పేరు ఒకటే కదా అని ఒక మాత్ర వేస్తే కనీసం నాలుగింతలు పడుతుంది, కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ ఎప్పుడూ వద్దు. పారాసిటమాల్ కూడా సొంతంగా ఇవ్వవద్దు. (పశువుల వాడకానికి డైక్లోఫెనాక్‌ను మన దేశంలో 2006లోనే ఆపారు, ఆ మందు పడ్డ కళేబరాలు తిని రాబందులు చచ్చిపోతున్నాయని. దాని బదులు ముందుకు వచ్చింది ఈ మెలాక్సికామే.)

ఇంటికి వెళ్లిన మొదటి రాత్రే ఫోను వచ్చింది, సుమారు రెండింటికి. సింగడు మూలుగుతున్నాడు, వణుకుతున్నాడు, ఎవరు దగ్గరకు వెళ్లినా ఒళ్లు బిగబట్టుకుంటున్నాడు. పాపను శ్వాస లెక్కపెట్టమన్నాను. పదిహేను సెకన్లకు 13, అంటే నిమిషానికి 52. హాయిగా నిద్రపోయే కుక్కకు 30 దాటదు. పది గంటల గాబాపెంటిన్ వేశారా అని అడిగితే అవతల కాసేపు మాట లేదు. "నిద్రపోతున్నాడని లేపలేదు మేడమ్" అంది కోడలు. ప్రేమతో చేసిన పొరపాటే. కానీ నొప్పి మందును నొప్పి మొదలయ్యాక ఇవ్వకూడదు, మొదలవకముందే ఇవ్వాలి. గడియారం చూసి లేపి మరీ వేయాలి. అప్పుడు వేశారు. నోటుబుక్కులో ఆ రాత్రి గడి ఇలా ఉంది: "3:40. శ్వాస 26. నాన్న కూడా పడుకున్నాడు."

మూడో రోజు పొట్ట కింద, వృషణాల దగ్గర చర్మం వంకాయ రంగుకు తిరిగింది. కుళ్లు పైకి పాకిందని ఇల్లంతా భయపడ్డారు. కోసినచోట కారిన కాస్త రక్తం చర్మం కింద కిందికి దిగడమే అది. నాలుగైదు రోజుల్లో పచ్చగా, పసుపుగా మారి పోతుంది, పోయింది. అయిదో రోజు కుట్ల కింది కొసన నిమ్మకాయంత మెత్తటి బుడిపె తేలింది. వేడి లేదు, ముట్టుకుంటే నొప్పి లేదు, జ్వరం లేదు. లోపల ఖాళీ అయిన చోట నీరు చేరిందంతే. సూదితో తీయమన్నారు. తీయలేదు. సూది గుచ్చిన దారినే క్రిములు లోపలికి వెళ్తాయి, నీరు మళ్లీ చేరుతుంది. గోరువెచ్చటి నీళ్లలో ముంచి పిండిన గుడ్డతో రోజుకు మూడుసార్లు పది నిమిషాలు కాపడం పెట్టారు. కుట్లు విప్పే నాటికి బుడిపె పోయింది. అదే బుడిపె వేడిగా ఉండి, నొప్పి పెట్టి, కుట్లలోంచి చీముగానీ వాసనగానీ వస్తే, చిగుళ్లు తెల్లబడితే, రక్తం కారడం ఆగకపోతే, రోజంతా ఒంటికి పోయకపోతే మాత్రం ఆలస్యం చేయకుండా తీసుకురమ్మని ముందే చెప్పి ఉంచాను.

పసుపు, ఆముదం నూరి కుట్లకు రాస్తానంది అవ్వ. పసుపు మీద నాకు కోపం లేదు. కానీ కుట్ల సందుల్లో ఆ ముద్ద గడ్డకట్టి తేమను పట్టి ఉంచుతుంది, లోపల ఏం జరుగుతోందో కనిపించనివ్వదు. కుట్లు పొడిగా, కళ్లకు కనిపించేలా ఉండాలి. మన ఎండల్లో అసలు శత్రువు ఈగ. అది ఒక్కసారి వాలి గుడ్లు పెడితే ఒకటి రెండు రోజుల్లో పురుగు పడుతుంది. అందుకని సింగడి పడక చుట్టూ దోమతెర కట్టించాను. నాకకుండా మెడకు తొడిగే గొట్టం బదులు అవ్వ కొడుకు చిన్న ప్లాస్టిక్ బకెట్టు అడుగు కోసి, అంచుకు గుడ్డ చుట్టి తొడిగాడు. తిండి వేళ మాత్రం తీసేవారు, ఒకరు పక్కనే కూర్చునేవారు.

నాలుగో రోజు

ఈ కేసు మలుపు తిరిగింది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

"సింగడు దిగులు పెట్టుకున్నాడు డాక్టరమ్మా. కాలు పోయిందని తెలిసినట్టుంది. లేవడం లేదు, మూల వదలడం లేదు" అని అవ్వ ఫోనులోనే ఏడ్చింది. జ్వరం లేదు. తింటున్నాడు, పడుకునే. మందులు వేళకు పడుతున్నాయి. సాయంత్రం క్లినిక్కు మూశాక వాళ్ల ఊరు వెళ్లాను. కోతలకు వచ్చిన వరి రోడ్డుకు రెండు పక్కలా బంగారంలా ఉంది.

సింగడిని హాల్లో మూలన, మడత పెట్టిన దుప్పటి మీద పడుకోబెట్టారు. ఇంట్లో అందరికన్నా మంచి చోటు వాడికి ఇచ్చారు: ఫ్యాను కింద, తెల్లటి నున్నటి టైల్స్ మీద. నేను గుమ్మంలో నిలబడి పిలిచాను. తోక నేలకు రెండుసార్లు కొట్టింది. ముందు కాళ్లు చాచాడు, ఒళ్లు లేపాడు. దుప్పటి మీద నిలబడ్డాడు. ఒక అడుగు టైల్స్ మీదికి వేశాడు. ఉన్న ఒక్క వెనక పంజా మెల్లగా పక్కకు జారడం మొదలుపెట్టింది. వాడు గోళ్లతో నేలను పట్టుకోవాలని చూశాడు. పలక మీద బలపం గీసినట్టు సన్నటి కీచు చప్పుడు వినిపించింది. నడుము ఒరిగింది, కుట్లున్న వైపే కూలబడ్డాడు. తర్వాత ఎంత పిలిచినా లేవలేదు. పెదాలు నాకుతూ, నన్ను చూడకుండా గోడవైపు చూశాడు.

అది దిగులు కాదు, భయం. నాలుగు కాళ్లున్నప్పుడు ఒక పంజా జారితే మిగతా మూడూ ఆపుతాయి. ఇప్పుడు వెనక ఉన్నది ఒక్కటే. అది జారితే పడటమే, పడితే పుండు మీదే. రెండుసార్లు పడ్డ కుక్క మూడోసారి లేవదు. కుక్కకు తన కాలు పోయిందన్న శోకం ఉన్నట్టు ఇన్నేళ్లలో నాకు కనిపించలేదు. శోకం ఇంటివాళ్లది. కుక్క అడిగేది కాలి కింద పట్టు.

ఇంట్లో ఏమున్నాయని అడిగాను. అవ్వ కొడుకు కొట్టంలోంచి యూరియా సంచులు తెచ్చాడు. అవి ప్లాస్టిక్ నేత, టైల్స్ మీద ఇంకా జారుతాయి. జనపనార గోనెలు కావాలన్నాను. ధాన్యానికి వాడినవి ఏడెనిమిది దొరికాయి. విడివిడిగా పరిస్తే కాలికి చుట్టుకుంటాయి, ముడతలు పడతాయి. అవ్వ లోపలికి వెళ్లి దబ్బనం, పురికొస తెచ్చుకుంది. గడప దగ్గర కూర్చుని ఒక గోనె అంచును ఇంకో గోనె అంచుకు కలిపి కుట్టడం మొదలుపెట్టింది. ఎవరి సాయమూ తీసుకోలేదు. మాట్లాడలేదు. కుట్టు కుట్టుకూ పురికొసను లాగి, బొటనవేలితో నొక్కి, బిగువు చూసి, ఒక్కోచోట మళ్లీ వదులు చేసింది. రెండు గోనెల వెడల్పున, మూల నుంచి నీళ్ల గిన్నె మీదుగా పెరటి గుమ్మం దాకా దారి తయారయ్యేసరికి రాత్రి తొమ్మిదయింది. కొసలను మంచం కోళ్ల కింద, గడప రాయి కింద నొక్కి పెట్టాం. ఆలోపు నేను సింగడి గోళ్లు కత్తిరించాను, పంజా మెత్తల మధ్య వెంట్రుకలు తీసేశాను. గోళ్లు పొడుగ్గా ఉంటే మెత్తలు నేలకు ఆనవు.

పాప దారి అవతలి కొసన ఉడికించిన గుడ్డు పట్టుకుని కూర్చుంది. సింగడు ముక్కు చాచి గోనెను వాసన చూశాడు. వాళ్ల వడ్ల వాసనే. ముందు కాళ్లు పెట్టాడు. వెనక పంజా పెట్టి, ఒక్క క్షణం ఆగాడు. జారలేదు. ఆ ఒక్క పంజాను ఒంటి మధ్యకు జరుపుకుని, తోకను ఎడమవైపు చాచి, తల దించి, గెంతుతూ వెళ్లాడు. గుడ్డు తిన్నాడు. పెరటి గుమ్మం దిగి వేపచెట్టు దాకా పోయాడు. అవ్వ దబ్బనం చేతిలోనే పట్టుకుని లేచి నిలబడింది.

మోయడం, ఒంటికి, రెంటికి

అంతదాకా అవ్వ కొడుకు వాడిని రెండు చేతులతో ఎత్తి బయటికి తీసుకువెళ్లేవాడు. ఎత్తితే కుట్ల మీద ఒత్తిడి పడుతుంది. అంతకన్నా పెద్ద నష్టం, మోసినన్నాళ్లూ కుక్క మూడు కాళ్ల లెక్క నేర్చుకోదు. తువ్వాలును పొడవుగా మడిచి, పొట్ట కింద, వెనక కాలికి కాస్త ముందు నుంచి తీసి, రెండు కొసలూ పైన పట్టుకోమన్నాను. మగ కుక్క కాబట్టి మూత్రం పోసే చోటు మూసుకోకుండా చూడాలి. తువ్వాలు వదులుగా ఉండాలి. ఒరిగినప్పుడు ఆపడానికే అది, లేపి నడిపించడానికి కాదు. వారం తిరిగేసరికి అదీ అక్కర్లేకపోయింది.

సింగడికి కాలెత్తి పోసే అలవాటు. ఇప్పుడు ఉన్న ఒక్క కాలునూ ఎత్తలేడు. మొదట రెండు రోజులు ఒక్కోసారి చెట్టు దగ్గర నిలబడి, ఏం చేయాలో తోచక తిరిగి వచ్చేవాడు. తర్వాత ముందుకు వాలి నిలబడే పోయడం నేర్చుకున్నాడు. ముందు కాళ్ల మీద పడితే తడిగుడ్డతో తుడవాలి, లేకపోతే తోలు పాసిపోతుంది. రెంటికి మూడు రోజులు పోలేదు. ఆపరేషన్ ముందు పస్తు, మత్తు, నొప్పి మందులు, ఇన్ని కలిసినప్పుడు రెండు మూడు రోజులు పోకపోవడం మామూలే. ఉడికించిన గుమ్మడికాయ అన్నంలో కలిపి పెట్టించాను. నాలుగో రోజు పోయాడు. ముక్కేటప్పుడు తూలతాడు కాబట్టి ఆ సమయంలో నడుము పక్కన చేయి ఉంచాలి.

పన్నెండో రోజు కుట్లు విప్పాను. ఆ తర్వాత నడక: మొదట పూటకు అయిదు నిమిషాలు, రోజుకు నాలుగుసార్లు. వారానికి రెండు మూడు నిమిషాలు పెంచుతూ పోయాం. మూడు కాళ్ల కుక్కకు నెమ్మదిగా నడవడం కష్టం, గెంతుతూ పోవడం తేలిక. అది ఉత్సాహంలా కనిపిస్తుంది కానీ ఒంట్లో శక్తి త్వరగా అయిపోతుంది. కూర్చుంటానంటే కూర్చోనివ్వాలి. మంచం మీది నుంచి దూకనివ్వకూడదు.

లేని కాలి నొప్పి

మూడో వారంలో, బాగున్నాడు కదా అని గాబాపెంటిన్ ఒక్కసారిగా ఆపేశారు. రెండు రోజుల తర్వాత నిద్రలో కేకపెట్టి లేచి, కాలు ఉండవలసిన చోటువైపు తిరిగి గాలిని కొరికాడట. పాప నోటుబుక్కులో ఆ గడిలో ఒకటే మాట: "భయమేసింది." అవ్వ అడిగింది, "లేని కాలు ఎలా నొప్పి పెడుతుంది డాక్టరమ్మా?" కాలు తీసినా, ఆ కాలి కబుర్లు మోసే నరాలు వెన్నులో, మెదడులో అలాగే ఉంటాయని, కొన్నిసార్లు అవి ఉన్నట్టుండి పలుకుతాయని చెప్పాను. కుట్లు మానినచోట గట్టిపడిందేమో తడిమి చూశాను, లేదు. గాబాపెంటిన్ మళ్లీ మొదలుపెట్టి, ఈసారి రెండు వారాలపాటు కొంచెం కొంచెంగా తగ్గించి ఆపాం. మళ్లీ రాలేదు. ఈ మందును ఎప్పుడూ అలాగే మెట్లు దిగినట్టు ఆపాలి. అలాగే మనుషుల కోసం ఉన్న గాబాపెంటిన్ ద్రావణాల్లో కొన్నింటిలో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది. అది కుక్కలకు విషం. గొట్టాలే వాడాలి.

జాలి బరువు

అయిదో వారం తూకం వేస్తే 20 కిలోలు. ఒక కాలు లేకుండానే, ప్రమాదానికి ముందుకన్నా ఎక్కువ! పక్కింటివారు, పాలు తెచ్చే అబ్బాయి, గుంటల కూలీలు, దారిన పోయే ప్రతివారూ పాపం అని ఒక బిస్కెట్టు వేస్తున్నారు. నాకు నిజంగా కోపం వచ్చింది, కాస్త గట్టిగానే మాట్లాడాను. రెండు వెనక కాళ్లు పంచుకోవలసిన బరువు ఒక్క మోకాలు మోస్తోంది. ఆ మోకాలి లోపలి తాడు తెగితే రెండో ఆపరేషన్ ఎవరు చేస్తారు, ఎక్కడ? పెద్ద సర్జరీకి తిరుపతి వెటర్నరీ కళాశాల దాకా పోవాలి. పోయిన కాలి బరువు తీసేసి లెక్క వేసుకోవాలి. సింగడికి 17.5 దాటకూడదు. చేత్తో తడిమితే పక్కటెముకలు తెలియాలి. బిస్కెట్లు ఆగాయి. అన్నం తగ్గించి, ఎముకలు తీసిన కోడి మాంసం, గుడ్డు, ముళ్లు తీసిన చేప పెట్టించాను. ఉల్లి, వెల్లుల్లి లేకుండా. తొమ్మిదో వారానికి 17.8కి వచ్చాడు.

ఎడమ చెవి

ఆరో వారంలో చూసిన ఒక చిన్న సంగతి ఇప్పటికీ నా కళ్లలో ఉంది. సింగడు వరండాలో కూర్చుని, తల ఎడమవైపు వంచి, కళ్లు సగం మూశాడు. తీసేసిన కాలి పైన మిగిలిన తొడ కండ చకచకా కదిలింది, ఆగింది, మళ్లీ కదిలింది. చెవి గోక్కుంటున్నాడు. ఏమీ తగలడం లేదు. కుక్క ఎడమ చెవిని ఎడమ వెనక కాలితోనే గోక్కుంటుంది. ఆ చెవి తిప్పి చూస్తే మడతలో తొమ్మిది పిడుదులు. కుడి చెవిలో ఒక్కటీ లేదు. పిడుదులకు నెలకొకసారి ఇచ్చే మాత్ర మొదలుపెట్టాం. దానికన్నా ముఖ్యంగా, రోజూ సాయంత్రం ఎడమ చెవి వెనక, మెడ పక్కన, కుక్కకు అందని ఆ మేరంతా గోకి, వేళ్లతో వెతకాలని పాపకు చెప్పాను. నోటుబుక్కులో కొత్త గడి వచ్చింది: "ఎ.చె."

రోహిణి కార్తె వచ్చేసరికి నడక తెల్లవారుజామున అయిదింటికి మారింది. సిమెంటు రోడ్డు మీద అరచేతి వెనక భాగం ఏడు సెకన్లు ఆనించలేకపోతే కుక్క పంజా కూడా ఆనకూడదు. మూడు పంజాలే ఉన్నప్పుడు ఒకటి బొబ్బలెక్కితే ఇక నడకే లేదు. గుంటల కాపలాకు మాత్రం తాడుతోనే తీసుకువెళ్లమన్నాను. గట్టు పైభాగం పరవాలేదు. నీటివైపు వాలు బంకమట్టి, అక్కడ గోనెలు పరవలేం. రాత్రంతా గుడిసె ముందు బొంత మీద పడుకుని మొరుగుతాడట. కాపలాకు అది చాలు అన్నాడు అవ్వ కొడుకు.

జూన్ మొదట్లో తనిఖీకి వచ్చినప్పుడు అవ్వ ఒక చుట్ట తెచ్చి బల్ల మీద పెట్టింది. కొత్త గోనెలతో కుట్టిన దారి, రెండు గోనెల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు, అంచులు మడిచి రెండు వరసల కుట్టు. "ఇంకో కుక్క వస్తే ఇవ్వండి" అంది. నెల తిరక్కముందే కొడవలూరు వైపు నుంచి లారీ తగిలిన ఒక ఆడకుక్క వచ్చింది. కుడి వెనక కాలు తీయవలసి వచ్చింది. ఇంటికి పంపేటప్పుడు మాత్రలు, నోటుబుక్కు, ఆ గోనె చుట్ట కలిపి ఇచ్చాను. మొదటి రాత్రి నుంచే పరవమన్నాను.